అత్తయ్య వేసిన మార్కులు

మా అత్తయ్య పోయింది. ఆ కబురు నాకు రేపల్లెలో, నేను పాఠాలు చెప్పే స్కూల్లో, మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టాక అందింది. ఫోన్ చేసింది మావయ్యే. "అమ్మడూ, మీ అత్తయ్య పోయిందమ్మా. టిఫిన్ అయ్యాక గుండెల్లో పట్టేసినట్టుంది అంది. ఆటో వచ్చేలోపే..." అని ఆగాడు. "నువ్వు భోంచేశావా?" అని అడిగాడు. చేశానన్నాను. చెయ్యలేదు. ఫోన్ పెట్టేసి క్లాసుకి వెళ్లి పిల్లల చేత పదమూడో ఎక్కం చెప్పించాను. అది అయిపోయాక హెడ్మాస్టరు గారికి విషయం చెప్పి స్టేషన్‌కి నడిచాను. తెనాలి పాసింజరు ఎక్కినా ఏమీ అనిపించలేదు. కిటికీ బయట కోతలైపోయిన చేలు. ఎదురుగా కూర్చున్నావిడ "ఎందాకా అమ్మా?" అని అడిగితే, "మా అత్తయ్యగారింటికండి" అన్నాను. ఆవిడకి మా అత్తయ్య ఇల్లు ఎక్కడో తెలియదన్న సంగతి నాకు తట్టలేదు.

ఇప్పటికీ నాకు ఏడుపు రాలేదు. ఒళ్లంతా తిమ్మిరెక్కినట్టుంది. రాస్తే ఏమైనా కదులుతుందేమోనని రాస్తున్నాను. అత్తయ్య గురించి చెప్పాలంటే రెడ్ వైన్ గురించి చెప్పాలి. ఈ మాట చదివి మా చుట్టాలు కొందరు నొచ్చుకుంటారు. ఆవిడ ఏనాడూ దాచని సంగతి నేనెందుకు దాచాలి?

అత్తయ్య తెనాలిలో లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. మావయ్య, అంటే మా అమ్మ తమ్ముడు, బాపట్లలో కెమిస్ట్రీ లెక్చరర్. ఉద్యోగం చేసినన్నాళ్లూ తెనాలి నుంచి రైల్లో వెళ్లొచ్చేవాడు. వాళ్లకి పిల్లల్లేరు. నేను డిగ్రీ చదివింది వాళ్లింట్లో ఉండే. మావయ్య రిటైరైన కొత్తలో బెంగుళూరులో స్థిరపడ్డ పాత విద్యార్థి ఒకడు ఆయనకి ఒక రెడ్ వైన్ సీసా తెచ్చిచ్చాడు. అప్పటిదాకా మావయ్య ఏ మందూ ముట్టినవాడు కాదు. కెమిస్ట్రీ మనిషి కదా, ద్రాక్షరసం ఇలా ఎందుకు మారిందా అని కుతూహలంతో తాగాడు. అది అలవాటుగా కాదు, పాఠంగా పట్టుకుంది ఆయన్ని.

అప్పట్లో మా వైపు 'వైన్స్' అని బోర్డున్న కొట్లో వైన్ తప్ప అన్నీ దొరికేవి. మహా అయితే తియ్యటి పోర్ట్ వైను దుమ్ము పట్టి ఒక మూల ఉండేది. అందుకని హైదరాబాదు వెళ్లేవాళ్లకీ బెంగుళూరు నుంచి వచ్చేవాళ్లకీ మావయ్య చెప్పి పెట్టేవాడు. ఖరీదైనవి వద్దనేవాడు. "మనం కొనుక్కోగలిగినవే మన సిలబస్సు" అనేవాడు. ఆదివారం సాయంత్రం, ఇంకా వెలుగుండగానే, ముందు గదిలో ఒక సీసా తీసేవాడు. తెల్ల పంచె మడతకి ఎదురుగా గ్లాసు పట్టుకుని రంగు చూసేవాడు. ప్రాక్టికల్ పరీక్షలాగా వందకి మార్కులు వేసేవాడు. రంగుకి పది, వాసనకి నలభై, రుచికి నలభై, గొంతు దిగాక మిగిలేదానికి పది. అందరికీ డెబ్బై దాటేవి. ఆయన క్లాసులో ఎవరూ ఫెయిలయ్యేవారు కాదు.

అత్తయ్య ఆ గదిలోకి వచ్చేది కాదు. వైన్ సీసాలు వంటింటి గడప దాటకూడదు. ఆ గ్లాసు ఆయనే కడుక్కోవాలి, వేరే గూట్లో పెట్టుకోవాలి. "మీ ప్రయోగశాల మీది, నా వంటిల్లు నాది" అనేది. ఆవిడ శుక్రవారం శుక్రవారం వీధిలో ఆడవాళ్లతో కలిసి లలితా సహస్రం చదివేది. ఆ బృందంలో ఆవిడ గొంతే పెద్దది.

రెండువేల సంవత్సరం దాటాక ఒక వానాకాలంలో, సంగం జాగర్లమూడిలో స్నేహితుణ్ణి చూసి వస్తూ మావయ్య కాలవ గట్టు మీద స్కూటరు జారి పడ్డాడు. తల వెనక దెబ్బ తగిలింది. నాలుగు కుట్లు పడ్డాయి, ఇంటికొచ్చాడు, అంతా బాగానే ఉందనుకున్నాం. ఆయన్ని చూడ్డానికి నేను వెళ్లినరోజు, అత్తయ్యా నేనూ పెరట్లో బట్టలు ఆరేస్తున్నాం. లోపల్నుంచి మాడు కంపు కొట్టింది. పరుగెత్తుకెళ్తే గిన్నెలో పాలు నల్లగా మాడిపోయి పొగలొస్తున్నాయి. వంటింటి గుమ్మం పక్కనే కుర్చీలో కూర్చుని మావయ్య పేపరు చదువుకుంటున్నాడు.

"ఏవండీ, ఇంత కంపు కొడుతుంటే స్టవ్ కట్టెయ్యరా?" అంది అత్తయ్య.

"ఏం కంపు?" అన్నాడు మావయ్య.

అత్తయ్య ఆయన మొహంలోకి చూసింది. వెళ్లి ఇంగువ డబ్బా తెచ్చి, మూత తీసి ఆయన ముక్కు దగ్గర పెట్టింది. ఆయన గట్టిగా పీల్చాడు. మళ్లీ పీల్చాడు. డబ్బా ఆవిడ చేతికి ఇచ్చేసి పేపరు మడిచాడు.

గుంటూరులో డాక్టరు, వాసన తెలిపే నరాలు దెబ్బతిన్నాయన్నాడు. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. రాలేదు. వాసన లేకపోతే రుచి కూడా పోతుందని నాకప్పుడే తెలిసింది. ఉప్పూ కారం పులుపూ తప్ప ఏమీ తెలిసేవి కావు ఆయనకి. "మట్టి తిన్నట్టుందే" అని ముద్ద సగంలో లేచిపోయేవాడు. మనిషి సగమైపోయాడు. ఆదివారాలు కూడా ముందు గది తలుపు వేసే ఉండేది. నాసిక్ నుంచి ఎవరో తెచ్చిచ్చిన సీసా ఒకటి బల్ల మీద అలాగే ఉండిపోయింది. "ఎవరికైనా ఇచ్చెయ్యి" అన్నాడు నాతో.

ఆ ఆదివారం నేనక్కడే ఉన్నాను. అత్తయ్య స్నానం చేసి, జడ అల్లుకుని, ముందు గదిలోకి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. "తియ్యండి ఆ సీసా" అంది. మావయ్య కదల్లేదు. "మీ నోరు పనిచేస్తోంది. నా ముక్కు పనిచేస్తోంది. తియ్యండి."

ఆయన తీశాడు. గ్లాసులో కాస్త పోశాడు. అత్తయ్య దాన్ని చేత్తో తాకకుండా కొంగుతో పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. మొహం చిట్లించింది. మళ్లీ పెట్టుకుంది.

"ఏంటే? ఏం వాసనొస్తోంది?" అన్నాడు మావయ్య, వైవా అడిగినట్టు కాదు, ఆకలేసినట్టు.

"ఉండండి, తొందరపెట్టకండి." ఇంకోసారి వాసన చూసింది. "మా జంపనిలో పంచదార ఫ్యాక్టరీ ఆడే రోజుల్లో వాన పడితే, చెరుకు బళ్ల కింద పిప్పి తడిసి ఒక వాసనొచ్చేది. అది. దాని వెనక నేరేడుపండు. బాగా మగ్గింది. చివర్లో... మా అమ్మ వక్కల డబ్బా."

మావయ్య కళ్లు మూసుకుని ఒక గుక్క తాగాడు. చాలాసేపు మింగలేదు. ఆ పూట అన్నం మొత్తం తిన్నాడు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం అదే. ఆవిడ పుస్తకాల్లో మాటలు ఎప్పుడూ వాడలేదు. తాటి తాండ్ర అనేది. మాగాయ ఊట అనేది. మిల్లులో కొత్త తవుడు, తడిసిన గోనెసంచి, ఎండు ఖర్జూరం అనేది. ఒకదాన్ని వాసన చూసి, "ఇది మన స్టాఫ్ రూమ్ బీరువా" అని పక్కన పెట్టేసింది. కొన్నాళ్లకి టానిక్ సీసా మూతలో నాలుగు చుక్కలు పోసుకుని నాలిక మీద వేసుకోవడం కూడా మొదలుపెట్టింది. "చూడకుండా మార్కులెలా వేస్తాను?" అంది. తర్వాత నోరు పుక్కిలించి, దీపం పెట్టుకునేది.

మార్కుల దగ్గర మాత్రం ఆవిడ లెక్కల టీచరే. ముప్పై ఎనిమిది, నలభై ఒకటి. "ఇంకో అయిదు వెయ్యవే, పాపం దూరం నుంచి వచ్చింది" అని మావయ్య బతిమాలేవాడు. "దూరం నుంచి వచ్చినందుకు అన్నం పెడతాం, మార్కులు వెయ్యం" అనేది. ఒకసారి విద్యార్థి ఒకతను గురువుగారి కోసమని గొప్ప సీసా తెచ్చాడు. అత్తయ్య నలభై అయిదు వేసింది. అతను నొచ్చుకుని, "చాలా పేరున్నదండి మేడమ్" అన్నాడు. "ఉండొచ్చు బాబూ. మా పేపర్లో పేరుకి మార్కుల్లేవు" అంది, అతని ప్లేట్లో ఇంకో గారె వేస్తూ.

ఇది ఎన్నాళ్లో దాగలేదు. ఒక ఆదివారం పక్కింటి పిన్నిగారు పెరుగు తోడుకని వచ్చి, అత్తయ్య చేతిలో గ్లాసు చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏంటొదినా అది?"

నేను ఏదో ఒకటి చెప్పబోయాను. అత్తయ్య నాకంటే ముందే, "వైనమ్మా. వాసన చూస్తున్నా" అంది.

ఆ వారం నుంచి సహస్రనామానికి పిలుపు రాలేదు. ఆ బృందంలోవాళ్లు గుమ్మం ముందు నుంచే కబుర్లు చెప్పుకుంటూ వెళ్లేవారు. మొదటి శుక్రవారం అత్తయ్య పట్టుచీర కట్టుకుని చాలాసేపు వరండాలో కూర్చుంది. తర్వాత లోపలికి వెళ్లి ఒక్కతే పైకి చదువుకుంది. నాకు కోపమొచ్చింది. "నువ్వయినా మానెయ్యొచ్చుగా అత్తయ్యా, నీకేం పోయింది?" అన్నాను. ఆవిడ పుస్తకం మూసి నావైపు చూసింది. "ఆయన ముక్కు నా దగ్గరుందే. దాన్నేం చెయ్యమంటావు?" అంది. ఆ మాట తర్వాత నేనెప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. వాళ్లు మళ్లీ పిలవనూ లేదు, ఆవిడ అడగనూ లేదు.

వైన్ ఒక్కటే కాదు. అన్నం వడ్డించేటప్పుడు, "ఇది ముక్కల పులుసు, ఇంగువ కాస్త ఎక్కువైంది" అని చెప్పేది. వాకిట్లో వాన మొదలైతే, "మట్టి వాసనొచ్చిందండీ" అని వంటింట్లోంచి కేకేసేది. బాపట్లలో మావయ్య పాత కాలేజీ ఫంక్షనుకి ముగ్గురం వెళ్లి, అట్నుంచి సముద్రం దగ్గరికి పోతే, దిగీ దిగగానే ఆయన ఆవిడ వైపు తిరిగాడు. "ఎండుచేపలు" అంది ఆవిడ ముక్కు మూసుకుని. "మీరు అదృష్టవంతులు." మావయ్య ఇసుకలో నిలబడి కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు. దెబ్బ తగిలాక ఆయన అలా నవ్వడం నేను చూసింది అప్పుడే.

ఆవిడ వేసిన పెద్ద మార్కు డెబ్బై రెండు. ఒక సాదాసీదా సీసాకి. ఎందుకని అడిగితే, "ఏమో, దీనికి ఇంకా చెప్పుకోడానికుంది" అంది.

పోయిననాడు నేను వెళ్లేసరికి ఆవిణ్ణి వరండాలో పడుకోబెట్టి ఉంచారు. సహస్రనామం ఆడవాళ్లందరూ వచ్చారు. పక్కింటి పిన్నిగారు అందరికంటే గట్టిగా ఏడ్చింది. బహుశా నిజంగానే ఏడ్చింది. పురోహితుడు వచ్చేలోపు చుట్టం ఒకాయన ముందు గదిలో సీసాలన్నీ గోనెసంచిలో వేసి డాబా మీదికి చేర్చాడు. మావయ్య చూస్తూ ఊరుకున్నాడు. నేను కాఫీలు అందించాను, గ్లాసులు కడిగాను. ఎవరో నన్ను పట్టుకుని "ఏడవ్వే తల్లీ" అన్నారు. సరేనన్నాను.

కర్మలు అయిపోయాయి. చుట్టాలు వెళ్లిపోయారు. ఆ మధ్యాహ్నం నేను బ్యాగు సర్దుకుంటుంటే మావయ్య గదిలోకి వచ్చాడు. చేతిలో చీర ఉంది. అత్తయ్య పోయే ముందురోజు కట్టి విడిచిన నీలం నేత చీర. అన్నీ ఉతకడానికి వేసినప్పుడు ఇదొక్కటి ఎక్కడ దాచాడో తెలియదు. దాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుని పీల్చాడు. తర్వాత ఒక చెంగు నా చేతికిచ్చాడు.

"ఏం వాసనొస్తోందమ్మా? చెప్పు" అన్నాడు.

నేను చీర ముక్కుకి ఆనించుకున్నాను. "పసుపు" అన్నాను. "కుంకుడుకాయ. కొంచెం పోపు వాసన, ఆవాలనుకుంటా. భుజం దగ్గర చెమట."

మావయ్య రెండో చెంగు పట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడ్డాడు.

"ఇంకా?" అన్నాడు.