ఎర్ర రంగు గిటారు

పాత ఎలక్ట్రిక్ గిటార్లు ఎక్కడివో, ఎంత చేస్తాయో నేను చెబుతానని విని ఆయన పొదిలి నుంచి గుంటూరులోని మా ఇంటికి వచ్చారు. పెళ్లి బ్యాండులో గిటారు వాయించేవారు. పక్షవాతం వచ్చి ఎడమచేతి వేళ్లు వంగడం లేదు. గిటారు అమ్ముడుపోతే తప్ప వైద్యం సాగదు.

"మా నాన్న మద్రాసులో కొన్నాడండి. ఫారిన్‌ది," అన్నారు.

నేను ముట్టుకున్న చోటల్లా కుడిచేత్తో కండువా పట్టుకుని తుడుస్తూనే ఉన్నారు.

బరువూ పనితనమూ చూస్తే మంచి గిటారే అనిపించింది. కానీ కంపెనీ పేరూ నంబరూ ఉండాల్సిన చోట ఎర్ర పెయింటు మెరుస్తోంది. ఏటా పెళ్లిళ్ల సీజనుకు ముందు డ్రమ్ములతో పాటు దీన్నీ ఉప్పుకాగితంతో రుద్ది, కొత్త రంగు వేయించేవారట.

"పెళ్లివారి ముందు పాతది పట్టుకుని నిలబడితే ఏం బాగుంటుందండి?"

అది ఎక్కడిదో చెప్పే గుర్తు ఒక్కటీ మిగల్లేదు. పాతగా వదిలేసి ఉంటే మంచి ధర పలికేదని నోటిదాకా వచ్చింది. ఆ మాట మింగేసి గిటారును ఆయన వైపు జరిపాను.

ఆయన దాని మీద నా వేలిముద్ర తుడిచారు.

"పోనీ, ఇంకో కోటింగు వేయించి తెమ్మంటారా?"