బాదం మొక్కా, కాగితం పూల పొదా

ఆ ఆసుపత్రిలో ఆవిడ అసలు పేరు తెలిసినవాళ్ళు తక్కువ. అందరికీ ఊపిరి మేడమ్. ఎక్స్‌రే గదిలో ఉద్యోగం. వచ్చినవాళ్ళని పలకకి ఆనించి నిలబెట్టి, గడ్డం పైకెత్తించి, తను అద్దం వెనక్కి వెళ్ళి, "ఊపిరి పీల్చండి... బిగబట్టండి... ఇక వదలండి" అంటుంది. రోజు మొత్తమ్మీద ఆవిడ నోట్లోంచి వచ్చే మాటల్లో ముప్పాతిక వంతు ఇవే. ఆ గదికి కిటికీ లేదు. బయట ఎండ కాస్తోందో వాన పడుతోందో వచ్చేవాళ్ళ చొక్కాలు చూసి తెలుసుకోవాల్సిందే.

తల్లి మంచాన పడ్డ ఏళ్ళల్లో పెళ్ళి మాట వెనక్కి పోయింది. తల్లి పోయేనాటికి ఆ మాట ఎత్తేవాళ్ళే లేకపోయారు. ఊరి చివర రెండు గదుల ఇల్లు కొనుక్కుని ఒక్కతే ఉంటోంది. ఇంటి వెనక పెరడంటే గచ్చులా గట్టిపడ్డ నేల, ఒక బట్టల తీగ, ప్రహరీ గోడ, అంతే. మధ్యాహ్నం ఎండ గోడ దాటి నేరుగా వంటింట్లోకి దూరేది. ఆ వేళకి ఆవిడ ఇంట్లో ఉండదు కనక దాన్ని పట్టించుకోలేదు. సాయంత్రం వచ్చి, పొయ్యి దగ్గరే నిలబడి, గిన్నెలోంచే నాలుగు ముద్దలు తిని, గిన్నె కడిగి బోర్లించేది.

అలాంటి ఇంటికి ఒకరోజు తమ్ముడు గుండీలూడిన చొక్కాతో, సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. లారీ డ్రైవరు. చూపు మందగించిందని లైసెన్సు మళ్ళీ ఇవ్వలేదు. పెళ్ళాంతో ఎప్పుడో చెడింది. ఆమె వేరే ఊళ్ళో కూతుర్ని పెట్టుకుని కుట్టు దుకాణం నడుపుకుంటోంది.

"నాలుగు రోజులుండి పోతానక్కా" అన్నాడు గుమ్మంలో నిలబడి.

"ఉండి పోతావా, ఉండిపోతావా? అది తేల్చి చెప్పు, బియ్యం పోయాలి" అంది అక్క.

నవ్వేసి లోపలికొచ్చాడు. నాలుగు రోజులు దాటాయి, నెల దాటింది. అక్క డ్యూటీకి వెళ్ళాక పగలంతా ఇంట్లో ఉండేది అతనే కనక ఆ మధ్యాహ్నపు ఎండ సంగతి అతనికే తెలిసొచ్చింది.

"అక్కా, పెరట్లో ఒక చెట్టు వేద్దామే. వంటిల్లు కుంపటైపోతోంది."

"చెట్టంటే మాటలా? కుళాయి పొద్దున ఓ గంట వస్తుంది. ఆ డ్రమ్ము నీళ్ళు మనిద్దరికే అంతంత మాత్రం. వేస్తే గీస్తే ఏదన్నా పొద వేద్దాం. నీళ్ళడగదు, గొడవుండదు."

"పొద కింద ఎవరు కూర్చుంటారు? పిల్లి కూర్చుంటుంది."

"పోనీ, పిల్లయినా కూర్చుంటుందిగా."

తమ్ముడు నవ్వలేదు. "బండి తోలినన్నాళ్ళూ ఎక్కడ నీడ కనిపిస్తే అక్కడ ఆపి నడుం వాల్చానక్కా. అది ఎవరి చెట్టో, ఎవరు నీళ్ళు పోసి పెంచారో. ఇదిగో ఇది నాది అనుకుని ఒక్క చెట్టు కింద కూర్చోలేదు."

సెలవు రోజున ఇద్దరూ నర్సరీకి వెళ్ళారు.

నర్సరీ ఆయన రబ్బరు గొట్టం చేత పట్టుకుని, కుండీల మధ్య అడుగు తీసి అడుగు వేస్తూ నీళ్ళు పెడుతున్నాడు. ఏం కావాలో విని, గొట్టం కింద పడేసి, రెండు మొక్కలు తెచ్చి పక్కపక్కన పెట్టాడు. ఒకటి బాదం మొక్క, రెండోది కాగితం పూల పొద.

"ఏది మంచిదండీ?" అంది అక్క.

"రెండూ మంచివేనమ్మా. మీ ఇంట్లో పగలు ఎవరుంటారో చెప్పండి, ఏది వేసుకోవాలో చెప్తాను."

"నేనుంటాను" అన్నాడు తమ్ముడు చటుక్కున.

"అయితే బాదం వేసుకోవచ్చు. గొడుగు విప్పినట్టు అంతస్తులు అంతస్తులుగా పెరుగుతుంది. నాలుగో వేసవికి కింద మంచం వేసుకోవచ్చు. కానీ వేరు దిగేదాకా చంటిపిల్లతో సమానం. రెండు వేసవులు పొద్దునా సాయంత్రం నీళ్ళు తప్పకూడదు. గోడకి దూరంగా వేయాలి. ఆకులు పళ్ళేలంతేసి ఉంటాయి, రాలేటప్పుడు ఒక్కసారే రాలతాయి, ఊడ్చుకోవాలి."

"మరి ఇది?" అక్క కాగితం పూల పొద వైపు చూపించింది.

"దీనికి మీరక్కర్లేదమ్మా. నాటిన కొత్తలో కొన్నాళ్ళు నీళ్ళు చూసుకుని, తర్వాత మరిచిపోవడమే. ఎంత మరిచిపోతే అన్ని పూలు పూస్తుంది. ప్రేమ పొంగి రోజూ నీళ్ళు పోశారనుకోండి, ఆకులేసుకుని కూర్చుంటుంది. ముళ్ళున్నాయి, ఏడాదికోసారి కత్తిరించాలి. ఇక నీడంటారా, గోడకి సరిపోతుంది గానీ మనిషికి చాలదు."

అక్క చెయ్యి పొద మీదికే వెళ్ళింది. తమ్ముడు బాదం మొక్కని అప్పటికే చంకనెత్తుకున్నాడు.

"నీళ్ళు నేను పోస్తానక్కా. నువ్వు అటు చూడను కూడా అక్కర్లేదు."

అన్న మాట నిలబెట్టుకున్నాడు కూడా. గడ్డపారతో ఆ రాతినేల తవ్వి అరచేతులు బొబ్బలెక్కించుకున్నాడు. స్నానం నీళ్ళు పాదులోకి వెళ్ళేలా కాలవ తీశాడు. బియ్యం కడిగిన నీళ్ళు, కూరలు కడిగిన నీళ్ళు, ఒక్క చుక్క పారబోయనిచ్చేవాడు కాదు. అక్క సాయంత్రం గేటు తీస్తుంటే చాలు, పెరట్లోంచి కేక వినిపించేది. "అక్కా, ఇలా రా, కొత్త చిగురు!" చెప్పులు విప్పకుండానే వెళ్ళి చూసేది. చిగురు చిటికెన వేలి గోరంత ఉండేది. దాని గురించి అతను మాట్లాడేది మాత్రం అన్నం తిన్నంతసేపూ.

ఇప్పుడు పీటలు వేసుకుని, కంచాలు పెట్టుకుని తింటున్నారు. ఆవిడా మాట్లాడ్డం మొదలుపెట్టింది. "ఇవాళ ఒకాయనొచ్చాడురా. ఊపిరి బిగబట్టమన్నాను, బిగబట్టాడు. వదలండి అన్నానో లేదో, చేతిలో సంచీ వదిలేశాడు. నిండా కోడిగుడ్లు!" తమ్ముడికి పొలమారింది. అతని నెత్తి మీద తడుతూ ఆవిడా కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది.

బాదం మొక్క ఆవిడ భుజం దాకా వచ్చింది. అప్పుడే ఆ ఫోను వచ్చింది.

ఫోను పట్టుకుని గేటు బయటికి వెళ్ళాడు తమ్ముడు. తిరిగొచ్చి కంచం ముందు కూర్చున్నాడు. అన్నం కెలుకుతూ, "అమ్మాయి మాట్లాడింది" అన్నాడు చివరికి. "దుకాణం పెద్దది చేశారట. బట్టలు తేవడానికీ, ఇచ్చిరావడానికీ మనిషి కావాలట. వాళ్ళమ్మ కూడా రమ్మందట."

"అందట ఏమిటి? ఫోన్లో ఆమె మాట్లాడలేదా?"

"పక్కనుంచి వినిపించింది. ‘వస్తాడో రాడో కనుక్కో’ అంటోంది."

అక్క నీళ్ళ గ్లాసు దించింది. తమ్ముడి మొహం చూస్తే తెలిసిపోతూనే ఉంది. వెళ్ళడానికి కాళ్ళు ఉరకలేస్తున్నాయి, అక్క మొహం చూసి ఆగుతున్నాడు.

"వెళ్ళరా. పిలిచినప్పుడే వెళ్ళాలి."

"మరి చెట్టో?"

"చెట్టుకేం, నేను లేనూ?"

తెల్లారి మొదటి బస్సుకి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు పాదు నిండా నీళ్ళు పోసి వెళ్ళాడు.

ఆవిడ శాయశక్తులా ప్రయత్నించింది. కానీ ఆ ఏడు ఎండలు ముదిరాక కుళాయి రోజు విడిచి రోజైంది. ఆసుపత్రిలో ఇంకో టెక్నీషియను మానేస్తే ఆవిడకి రెండు డ్యూటీలు మీద పడ్డాయి. ఇంటికొచ్చేసరికి డ్రమ్ము అడుగంటేది. ఉన్న కాసిని నీళ్ళూ బకెట్లోకి వంచి పాదులో పోస్తే, నేల వాటిని క్షణంలో పీల్చేసి మళ్ళీ తెల్లగా కనిపించేది. ఆకులు అంచుల నుంచి మాడుతూ వచ్చాయి. ఒకరోజు కొమ్మ వంచి చూస్తే పుటుక్కుమంది.

తమ్ముడు ఫోను చేస్తే ఏం చెప్పాలో ఆలోచించి పెట్టుకుంది. ‘బాగానే ఉందిరా, చిగుర్లేస్తోంది’ అందామనుకుంది. అతను చేస్తూనే ఉన్నాడు. దుకాణం గురించి చెప్పాడు, కూతురికి వచ్చిన సంబంధం గురించి చెప్పాడు, మరదలు వంటలో ఉప్పెక్కువ వేస్తోందని ఫిర్యాదు చేశాడు. చెట్టు మాట మాత్రం ఎత్తలేదు. ప్రతిసారీ ఫోను పెట్టేశాక కూడా ఆవిడ దాన్ని కాసేపు చేతిలోనే ఉంచుకునేది.

తొలకరి పడ్డాక ఎండిన మొక్కని పీకేసింది. నర్సరీకి ఒక్కతే వెళ్ళింది. ఆయన గుర్తుపట్టి, "బాదం ఎలా ఉందమ్మా?" అన్నాడు. అడిగింది ఆయనొక్కడే.

"పోయిందండీ."

ఆయన చేతిలో గొట్టం కింద పెట్టాడు. లోపలికి వెళ్ళి కాగితం పూల పొద తెచ్చిచ్చాడు.

ఆయన చెప్పినట్టే అయింది. మరుసటి వేసవికి గోడ కనిపించకుండా పూసింది. చుక్క నీరు పోయకపోయినా, ఎండ ముదిరేకొద్దీ రంగు చిక్కబడింది.

కూతురి పెళ్ళి కుదిరిందని చెప్పడానికి తమ్ముడు పెళ్ళాన్నీ కూతుర్నీ వెంటబెట్టుకొచ్చాడు. ఇంట్లో ఉన్న కుర్చీ ఒక్కటే. పక్కింటావిడనడిగి మూడు కుర్చీలు తెచ్చింది. "ఎంత బావుందో అత్తా!" అంటూ మేనకోడలు పూల దగ్గర నిలబడి ఫొటోలు తీయించుకుంది. పెరట్లో ఎండ చురుక్కుమంటుంటే అందరూ లోపల ఫ్యాను కిందే కూర్చున్నారు. తమ్ముడు ఒళ్ళు చేశాడు. చొక్కాకి గుండీలన్నీ ఉన్నాయి.

సాయంత్రం బస్సుకి బయల్దేరుతూ గేటు దగ్గర ఆగాడు. "అక్కా, మనం పెరట్లో ఏదో చెట్టు వేసినట్టున్నాం కదా?"

"వేశాం. బతకలేదు."

"అలాగా. పోన్లే. ఇదీ బాగానే ఉంది" అన్నాడు. అతని కూతురు బస్సు వస్తోందని పిలిచింది.

బస్సు వెళ్ళాక ఆవిడ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి పక్కింటికి తీసుకెళ్ళింది.

"అప్పుడే వెళ్ళిపోయారా మీవాళ్ళు?" అంది పక్కింటావిడ.

"వెళ్ళారండి. పెళ్ళి పనులు."

"మీ కాగితం పూలు గోడ మీంచి మాకూ కనిపిస్తున్నాయి. ఎప్పుడన్నా ఓ కొమ్మ ఇవ్వండి, నాటుకుంటాను."

"ఎప్పుడో ఎందుకు? రండి, ఇప్పుడే కోసిస్తాను."

పక్కింటావిడ వెంట వచ్చింది. ఊపిరి మేడమ్ కత్తెర తెచ్చి, ఈ కొమ్మ లేతగా ఉందనీ, ఇది వంకరగా ఉందనీ, ఒక్కో కొమ్మా పట్టుకుని చూస్తూ కావాలనే ఆలస్యం చేసింది. ముల్లు గీరుకుంటే వేలు చీరకి తుడుచుకుంది. చివరికి ఒకటి కోసి ఆకులు దూసి చేతికిచ్చింది.

"పాతి వదిలేయండి, అదే నాటుకుంటుంది. కాసేపు కూర్చోండి, టీ పెడతాను."

"అయ్యో, పొయ్యి మీద పాలు పెట్టొచ్చానండీ" అంటూనే పక్కింటావిడ కొమ్మ పట్టుకుని గబగబా వెళ్ళిపోయింది.