హసన్ సార్ మెడ

మా హసన్ సార్‌ను మొదటిసారి చూసినవాళ్ళు ఎవరైనా పొగరుబోతనే అనుకుంటారు. ఎదుటివాళ్ళు నమస్తే పెడితే తల కూడా వంచడు మరి! ఒకసారి మా హైస్కూలుకు తనిఖీకి వచ్చిన ఒక అధికారి మొహం మీదే అడిగేశాడు, "ఏంది సార్, మెడల గుంజ పాతుకున్నవా?" అని.

"గుంజ కాదు సార్, మా మర్రిగూడ బోరు నీళ్ళు" అన్నాడు హసన్.

ఆ పెద్దమనిషి చాయ్ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. వెళ్ళనీ, పీడ పోయింది.

చిన్నప్పటి నుంచి తాగిన ఫ్లోరైడ్ నీళ్ళకు హసన్ వెన్ను, మెడ బిగుసుకుపోయాయి. గడ్డం ఛాతీకి ఆనదు. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. తెలంగాణ వచ్చాక మా ఇళ్ళ నల్లాల్లోకి కృష్ణా నీళ్ళు వచ్చాయి, సంతోషమే. కానీ ఎముకల్లో చేరింది బయటికి పోదు కదా.

నేను అదే బళ్ళో తెలుగు చెబుతాను. నా పేరు రఘుపతి. హసన్‌ది సోషల్. ఆయన ఇంగ్లీషువాళ్ళ పాఠం చెబుతుంటే నా క్లాసు వదిలేసి కిటికీ దగ్గర నిలబడేవాణ్ణి. "వాళ్ళు వచ్చుడే దొరలై వచ్చిండ్రనుకుంటున్నరా?" అని మొదలుపెట్టేవాడు. "ఉత్త బేరగాళ్ళు! తుర్కీ సుల్తాన్‌ను మంచి చేసుకోవాలని వాళ్ళ రాణి దానంతటదే మోగే వాయిద్యం పంపింది. మన గోల్కొండ సుల్తాన్ రాజ్యంల, మచిలీపట్నంల, దుకాణం పెట్టుకోను ఇజాజత్, అంటే పర్మిషన్, అడుక్కున్నరు." పిల్లలు నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు.

ఒక ఏడు బడి వార్షికోత్సవానికి నాటకం వేయించాడు. ఇంగ్లండు రాయబారి థామస్ రో అజ్మీర్‌లో జహంగీర్ బాద్షా దర్బారుకు వచ్చిన ఘట్టం. సాష్టాంగపడి సలాం చేయలేను, మా దేశపు పద్ధతిలోనే మర్యాద చేస్తానని రాయబారి ముందే అనుమతి అడిగాడట, బాద్షా సరేనన్నాడట. తొమ్మిదో తరగతి వర్షితకు తువ్వాలు చుట్టి జహంగీర్‌ను చేశాం. చిక్కంతా రాయబారితోనే వచ్చింది. ఆ వేషం వేసిన నవీన్‌కుమార్ వర్షిత ఎదుటికి రాగానే నడుం వంచేస్తాడు! పెద్దలు కనబడితే వంగడం మా పిల్లలకు పాలతో వచ్చిన అలవాటు. ఎంత చెప్పినా వినడే!

"నువ్ కూసో బిడ్డా, నేనే చేస్త. నాకు రిహార్సల్ గూడ అక్కర్లేదు" అన్నాడు హసన్.

అట్టముక్కల టోపీ పెట్టుకుని ఆయన బిర్రుగా నడిచొస్తుంటే ఊరంతా చప్పట్లు. ముందు వరుసలో కూర్చున్న వాళ్ళమ్మ హసీనాబీ ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

ఆమె దిగులు నాకు తెలుసు. హసన్ మసీదుకు వెళ్ళడం మానేసి ఐదారేళ్ళయింది. ఇంట్లోనే కూర్చుని నమాజు చదువుకునేవాడు. కొడుకు మళ్ళీ నలుగురితో కలిసి వరుసలో ఉంటే కళ్ళారా చూడాలని ఆమె కోరిక. ఇంకేం అడిగేది కాదు పాపం.

నాటకమయ్యాక నేను వాళ్ళింటికి వెళ్ళాను. హసీనాబీ ఆయన ముందు చాయ్ పెడుతూ అడిగింది, "ఏం రా, ఆ పరదేశాయన వంగనంటే బాద్షా ఏమన్లేదా?"

"అన్లేదు అమ్మీ. నీ పద్ధతిల నువ్ చెయ్యమన్నడు."

"ఒక బాద్షానే ఒప్పుకున్నడు, అల్లా ఒప్పుకోడా బిడ్డా?"

హసన్ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "అల్లా ఒప్పుకుంటడు అమ్మీ. నాకే మనసొప్పది. అందరి తలలు నేల మీదుంటయి, నా తల ఒక్కటి మీదికి. ఎన్కాల కుర్చీల కూసుంటే అల్లా ముందట పొగరు చూపినట్లు ఉంటది. ఆ పరదేశాయనంటే పంతానికి వంగలే. నేను ఒంగుదామని సచ్చిపోతున్న, ఒంగవశం గాదు."

హసీనాబీ దగ్గరికి జరిగింది. కొడుకు మెడ వెనక చెయ్యి పెట్టి, పసిపిల్లాడికి రాసినట్టు చాలాసేపు రాసింది. నేను చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాతి ఎండాకాలం ఆమె చనిపోయింది. నిద్రలోనే పోయింది, మంచి మనిషి.

కబురందగానే నాకు ఆమెకన్నా ముందు హసన్ మెడ గుర్తొచ్చింది. ఇవాళ మట్టి చేసేముందు చదివే నమాజుకు ఎలాగూ రాక తప్పదు, ఊరంతా ఉంటుంది, అందరూ వంగితే ఈ మనిషి ఎలా తట్టుకుంటాడు? ఇంట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తీసుకుని భుజాన వేసుకుని ఖబరస్తాన్‌కు పోయాను. దారిలో మా ఊరి కాటమయ్య "కుర్చీ ఎందుకు సార్, మీటింగా?" అన్నాడు. నోర్ముయ్యమన్నాను.

భుజాల మీంచి జనాజా దించారు. వరుసలు కట్టారు. ఇమాంసాబ్ పక్కకు జరిగి, "కొడుకుండంగ నేనెందుకు? నువ్వే ముందట నిలవడు" అన్నాడు హసన్‌తో.  వెనక కుర్చీ పట్టుకుని నిలబడ్డాను, వాళ్ళు వంగగానే ఉరుకుదామని.

"అల్లాహు అక్బర్" అన్నాడు హసన్. ఎవరూ వంగలేదు. మళ్ళీ అన్నాడు. ఎవరూ వంగలేదు. అందరూ చేతులు కట్టుకుని అలాగే నిలబడి ఉన్నారు. చివర్న అందరూ మెడ తిప్పి సలాం చెప్పారు, హసన్ భుజాలతో సహా తిరిగాడు. అంతే, నమాజు అయిపోయింది.

మట్టి ఇచ్చాక నా దగ్గరికొచ్చాడు. కుర్చీని చూశాడు, నన్ను చూశాడు.

"పిచ్చి సార్! జనాజా నమాజుల ఒంగుడుండదు. అంతా నిలవడుడే."

"నాకేం తెలుసు హసన్?"

"అమ్మీకి ఎరుకే. ఉన్నన్నాళ్ళు బతిమిలాడింది, నేను పోలే. పోతూ పోతూ నన్ను అందరి ముందట నిలవెట్టింది."  తల వంచుకుని ఏడవడానికి కూడా వీల్లేని మనిషి, అందరికీ కనబడేలా ఏడ్చాడు. నేను తిరిగి వెళ్దామని కుర్చీ ఎత్తుకున్నాను.

"అది ఇంటికి తీస్కపోకు సార్" అన్నాడు. "మసీదుల ఎయ్యి. శుక్రారం వస్త."