కూర్మయ్య కట్టిన పెద్ద బండి

కూర్మయ్యకి కోపమొస్తే మాట్లాడడు, కూర్చుని స్పానర్లు కడుగుతాడు. నాకు కోపమొస్తే ఊరంతా వినబడుతుంది. నరసన్నపేటలో హైవే పక్కన వాడి మెకానిక్ షెడ్డూ, నా స్పేర్ పార్టుల కొట్టూ ఒకే గోడకి అటూ ఇటూ ఉన్నాయి. పద్దెనిమిదేళ్ళుగా గోడకి ఇవతల నేను తిడుతూనే ఉన్నాను, అవతల వాడు పని చేసుకుంటూనే ఉన్నాడు. నన్ను బావా అంటాడు. వాడి గురించి రాయాలంటే వాడు బాగుచేసిన బండ్ల లెక్క రాయొచ్చు, ఎవరిక్కావాలి? పోయిన మాఘమాసంలో ఒక్క పూట మా ఇద్దరి ప్రాణాలూ నోట్లోకొచ్చాయి. ఆ పూట సంగతి రాస్తే మనిషి పూర్తిగా తెలుస్తాడు.

వాడి నాన్న వరి రైతు. పదో తరగతి తప్పగానే కూర్మయ్య పొలాల్లో ఆయిలింజన్లు విప్పడం నేర్చుకున్నాడు, అక్కణ్ణుంచి మోటారుసైకిళ్ళకొచ్చాడు. పదేళ్ళ కిందట చెన్నై నుంచి కలకత్తా వెళ్తున్న ఎవరో దొర, దూరప్రయాణాలకి వాడే తన పెద్ద టూరింగు బండికి క్లచ్ తీగ తెగిపోతే వీడి షెడ్డు ముందు ఆగాడు. కూర్మయ్య తీగ అతికించి ఇచ్చాడు. దొర భోజనానికి వెళ్ళినంతసేపూ మాత్రం దారం పట్టుకుని ఆ బండి పొడుగూ, సీటు ఎత్తూ, హేండిలు వాలూ అన్నీ కొలిచి, గోడమీద సుద్దముక్కతో గీసుకున్నాడు. మర్నాడు వానకి చెరిగిపోతుందేమోనని దానిమీద రంగు పూశాడు. నా గోడమీద! ఇవతల నా సున్నం అంతా మరకలు.

ఆ బండ్ల పుట్టుక గురించి వాణ్ణి కదిపితే టీ చల్లారిపోవాల్సిందే. అమెరికాలో ఊరికీ ఊరికీ మధ్య వందల మైళ్ళు తిన్నటి రోడ్లట. పొద్దస్తమానం కూర్చోవాలి కనక సీటు కిందికి దించారు, హేండిలు వెడల్పు చేసి వెనక్కి రప్పించారు, కాళ్ళు చాపుకోడానికి పలకలు పెట్టారు. ఇంజను తొందరపడకుండా నింపాదిగా తిరగాలని రెండు పెద్ద సిలిండర్లు ఏటవాలుగా, వి ఆకారంలో నిలబెట్టారు. నడిపేవాళ్ళు గాలికి ఆగలేక ముందు అద్దం కట్టుకున్నారు, సామానుకి తోలుసంచులు తగిలించుకున్నారు, వెనక పెట్టె బిగించుకున్నారు. కంపెనీలు అది చూసి తామే బిగించి అమ్మడం మొదలెట్టాయి. తర్వాత రేడియో వచ్చింది, వెనక్కి నడిచే గేరు వచ్చింది, వెనక కూర్చున్నవాళ్ళకి చేరగిలబడే కుర్చీ వచ్చింది.

"ఇది ఇంజినీరు ఒక్కడే గీసిన బండి కాదు బావా," అనేవాడు. "కూకున్నోడు ఎక్కడ నొప్పెడతన్నాదో సెప్పాడు, అక్కడ మారింది."

ఇంత తెలిసినవాడు చేసిన తప్పే నేను చెప్పబోయేది.

విజయనగరంలో ఫిడేలు పాఠాలు చెప్పి రిటైరైన అనంతపద్మనాభం మేష్టారు నిరుడు వేసవిలో షెడ్డుకొచ్చారు. ఆయన దగ్గర పాత బుల్లెట్టు ఉంది. దాన్ని పెద్ద టూరింగు బండిగా కట్టిపెట్టమన్నారు. భార్య లక్ష్మీకామేశ్వరిగారిని వెనక కూర్చోబెట్టుకుని మొదట పూరీ, అక్కణ్ణుంచి కాశీ వెళ్ళాలని ఆయన కోరిక. ఎనిమిది నెలలు పట్టింది. కూర్మయ్య ఫ్రేము జానెడు పొడుగు చేశాడు, సీటు దించాడు, ముందు పెద్ద అద్దం, వెనక చక్రానికి అటో పెట్టె ఇటో పెట్టె, సీటు వెనకాల ఇంకోటి బిగించాడు. మేష్టారు ప్రతి ఆదివారం వచ్చేవారు. హారను తన శ్రుతిలో మోగాలని పట్టుబడితే నేను పదకొండు హారన్లు తెప్పించాను. చట్టం దీనికి ఒప్పుతుందా అని నన్నడక్కండి, నేను వాళ్ళిద్దర్నీ అడిగి తిట్లు తిన్నాను.

కట్టిన బండిని మనుషుల బరువుతో నడిపి చూడందే కూర్మయ్య ఎవరికీ ఇవ్వడు. ఈసారి అది కుదరలేదు. కొత్త బండి మీద దంపతులు పూజ అయ్యాకే కలిసి కూర్చోవాలని మేష్టారన్నారు. వేరే ఆడమనిషిని కూర్చోబెట్టడం అసలే కుదరదు. అందుకని కూర్మయ్య వెనక సీటు మీద ధాన్యం బస్తా కట్టి, పెట్టెల్లో ఇటుకలు నింపి టెక్కలి దాకా వెళ్ళొచ్చాడు. తొంభైలో హేండిలు వదిలేసినా గీత గీసినట్టు పోయిందని చెప్పి, ఆ రోజు నాకు తనే టీ ఇప్పించాడు.

మాఘమాసంలో ఒక గురువారం పొద్దున మేష్టారు ఒక్కరే బండి తీసుకుని శ్రీముఖలింగం వెళ్ళారు. కామేశ్వరిగారి పుట్టిల్లు అక్కడే. ఆవిడ ముందురోజే వెళ్ళి ఉన్నారు. గుడి దగ్గర పూజ చేయించి, ఇద్దరూ కోటబొమ్మాళి దగ్గర హైవే ఎక్కి అటునుంచటే పూరీ వెళ్తారు. తొమ్మిదిన్నరకి కామేశ్వరిగారి తమ్ముడు ఉమాశంకర్ కూర్మయ్య ఫోనుకి ఫోటో పంపాడు. బండికి పసుపూ కుంకుమా, అద్దానికి బంతిపూల దండ. అందరూ నవ్వుతున్నారు.

కూర్మయ్య నవ్వలేదు. ఫోటోని రెండు వేళ్ళతో పెద్దది చేశాడు. చేతిలో టీగ్లాసు కింద పెట్టేశాడు.

"బావా, ఎడమేపు పెట్టేదీ?"

నేనూ చూశాను. కామేశ్వరిగారు పట్టుచీర కట్టుకుని, రెండు కాళ్ళూ ఎడమవైపుకి వేసి ఒకపక్కకి కూర్చున్నారు. కాళ్ళు పెట్టుకోడానికి చోటు కావాలని ఎడమ పెట్టె విప్పేశారు. అందులో సామానంతా వెనక పెట్టెమీద గుట్టగా వేసి కొబ్బరితాడుతో కట్టారు. కుడి పెట్టె మాత్రం నిండుగా అలాగే ఉంది. బరువంతా వెనక్కి పోయి బండి వెనక కుంగింది, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు సాగి నిలబడింది. ముందు చక్రం నేలని తాకీ తాకనట్టుంది.

మేష్టారికి ఫోన్ చేశాం. మోగుతోంది, తియ్యడంలేదు. ఉమాశంకర్‌కి చేస్తే, వాళ్ళు బయల్దేరి పావుగంటైందనీ, పెట్టె తనే విప్పాననీ, చాలా గట్టిగా బిగించారనీ మెచ్చుకోలుగా చెప్పాడు. వాణ్ణి తిట్టడం తర్వాతకి పెట్టుకుని కొట్టు షట్టరు దించేశాను.

నా బండి మీద ఇద్దరం బయల్దేరాం. కూర్మయ్య నడుపుతున్నాడు. పల్లెదారిలో మేష్టారు నలభై దాటరు, అంతదాకా భయం లేదన్నాడు. హైవే ఎక్కి ఎనభై అందుకుంటే గాలి ఆ పెద్ద అద్దాన్ని పట్టుకుంటుంది. చక్రం మీద బరువు లేదు కనక హేండిలు అటూ ఇటూ కొట్టుకోవడం మొదలవుతుంది. మేష్టారు బెదిరి ముందు బ్రేకు నొక్కితే ఇద్దరూ రోడ్డు మీదే. ఇదంతా గాలికి తల పక్కకి తిప్పి చెప్పాడు.

కోటబొమ్మాళి దగ్గర టీ బడ్డీ ఆవిణ్ణి అడిగాం. "పూలదండేసిన పెద్ద బండే కదా? ఇప్పుడే ఎలిపోనారు," అంది. కూర్మయ్య గేసు తిప్పి వేగం పెంచాడు. దేవుడా, ఇంకో రెండు నిమిషాలు ముందుగా ఆ ఫోటో ఎందుకు చూపించలేదయ్యా అని నాలో నేనే తిట్టుకున్నాను.

నాలుగు కిలోమీటర్ల తర్వాత కనబడ్డారు. వాళ్ళ వెనకాల కొంచెం దూరంలో ఇసుక లారీ వస్తోంది. మేము లారీని దాటుకుని ముందుకొచ్చాం. నేను హారను కొట్టమన్నాను. కూర్మయ్య కొట్టలేదు. హారను వింటే మేష్టారు వెనక్కి తిరిగి చూస్తారు, లేకపోతే బ్రేకు నొక్కుతారు, రెండూ వద్దన్నాడు. మా స్పీడు ముల్లు డెబ్బైఅయిదు మీద ఉంది. అద్దానికున్న దండ చివర గబగబా కొట్టుకోవడం అప్పుడే చూశాను. గాలికనుకున్నాను. కూర్మయ్య నోట్లోంచి చిన్న మూలుగొచ్చింది.

"మొదలెట్టేసినాది బావా."

మేష్టారి భుజాలు బిగుసుకున్నాయి. హేండిలు ఆయన చేతుల్లో గిలగిల్లాడుతోంది. ఇంకొక్క నిమిషంలో బ్రేకు నొక్కేస్తారు. కూర్మయ్య బండిని రోడ్డు అంచుకి దించి, ఎడమవైపు నుంచి వాళ్ళ పక్కకి తీసుకెళ్ళాడు. కామేశ్వరిగారు ఒకపక్కకి కూర్చున్నారు కనక ఆవిడ ముఖం సరిగ్గా మావైపే ఉంది. ఒక చేత్తో సీటు కడ్డీ పట్టుకున్నారు, రెండో చేత్తో ఒళ్ళో ఉన్న ఫిడేలు పెట్టెని పొదువుకున్నారు. నలభై ఏళ్ళుగా మేష్టారు వాయిస్తున్న ఫిడేలు అది, సామానులో వెయ్యడానికి మనసొప్పక ఆవిడకిచ్చారు. ఆవిడ ముఖంలో రక్తం లేదు. కానీ అరవలేదు.

"అమ్మా, ఆ పెట్టె ఒగ్గీండి," అన్నాడు కూర్మయ్య. "ముందుకి జరిగి, రెండు సేతుల్తో అయ్యగార్ని సుట్టుకుని ఈపుకి ఆనుకోండి. బ్రేకు ఒద్దని సెవిలో సెప్పండి. గేసు నెమ్మదిగా ఒగ్గమనండి."

ఆవిడ వాడి కళ్ళలోకి ఒక్కసారి చూశారు. ఫిడేలు వదిలేశారు. నడుం తిప్పి, మేష్టార్ని రెండు చేతులా పట్టుకుని, మొత్తం బరువుతో ఆయన వీపుమీద వాలిపోయి చెవిలో ఏదో చెప్పారు. వెనక లారీ దేనిమీంచో పోయిన చప్పుడు నాకు వినబడింది. నేను తిరిగి చూడలేదు, బండి ముందు చక్రాన్నే చూస్తున్నాను. అరవై అయింది. హేండిలు ఇంకా ఊగుతోంది. యాభైకి ఊపు తగ్గింది. నలభైకి ఆగిపోయింది. రోడ్డు పక్కన మట్టిలోకి దిగి బండి దానంతటదే ఆగింది. నాకు ఏడుపొచ్చింది. ఎందుకు దాచాలి, ఏడ్చాను.

మేష్టారు హెల్మెట్టు తీసి ముందు మా మీద పడ్డారు. పక్కనొచ్చి బెదరగొట్టింది మేమేనట. తర్వాత భార్య ఒడివైపు చూశారు.

"ఫిడేలేదీ?"

"వదిలేశాను," అన్నారావిడ.

ఆయన వచ్చిన దారిన గబగబా నడవబోయారు. కూర్మయ్య ఆయన్ని ఆపి, బండి ముందుకెళ్ళి, ముందు చక్రాన్ని ఒంటిచేత్తో నేలమీంచి పైకెత్తి చూపించాడు. సంగతి నాలుగు ముక్కల్లో చెప్పాడు. మేష్టారు ఆ గాల్లో ఉన్న చక్రాన్ని చూశారు. ఫిడేలు మాట మళ్ళీ ఎత్తలేదు. వచ్చి భార్య పక్కన నిలబడ్డారు.

కూర్మయ్య ఆవిడ ముందు మట్టిలో చతికిలబడ్డాడు. "తప్పు నాదమ్మా. ఆడోళ్ళు ఒకేపుకి కూకుంటారని నాకు తెలీదా ఏటి? ఆలోసించనేదు. ఎడమేపు పెట్టె లేకుండా, మీకు కాళ్ళ పలక పెట్టి, మొత్తం మళ్ళీ కడతాను."

ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకున్నారు.

"అక్కర్లేదు నాయనా, పెట్టెలు రెండూ ఉండనీ. నాకు చెరోవైపు కాలేసి కూర్చోవడమే ఇష్టం. చిన్నప్పుడు వంశధార గట్టుమీద మా తమ్ముణ్ణి వెనకేసుకుని సైకిలు తొక్కినదాన్ని." మేష్టారు ఆవిణ్ణి కొత్తగా చూస్తున్నట్టు చూశారు. ఆవిడ ఆయన వైపు తిరిగారు. "ఎనిమిది నెలలు ఆదివారం ఆదివారం షెడ్డుకెళ్ళారు. పొద్దున తమ్ముడు పెట్టె విప్పుతుంటే కూడా నా ముఖం ఎవరూ చూడలేదు. ఎలా కూర్చుంటావని ఒక్కమాట అడిగితే, నేను చుడీదారు కుట్టించుకునేదాన్ని."