లాడ్జి రిజిస్టర్లో నా ఉద్యోగం

అమ్మాయి ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ రేపు. ముగ్గురం ఈ ఉదయం బెంగళూరులో దిగాం. సీట్ల సీజన్ కావడంతో మెజెస్టిక్ బస్టాండు దగ్గర నాలుగు లాడ్జీల్లో గదులు లేవన్నారు. ఐదో చోట గుమాస్తా, "ఫ్యామిలీకైతే ఒక రూము ఉండాది సార్" అని రిజిస్టర్ ముందుకు జరిపాడు. ఉద్యోగం అన్నచోట అలవాటుగా 'విలేకరి' అని రాశాను.

అది చూసి అతను పుస్తకం మూసేశాడు. "పేపరోళ్లకు ఇచ్చేది లేదప్పా. పోయినసారి ఒకాయన ఈడనే పండుకోని, మా లాడ్జి మీదనే రాసినాడు."

ఆరో లాడ్జిలో నా భార్య తన పేరు, తన ఉద్యోగం రాసింది. ఆమె టీచరు. వెంటనే తాళంచెవి ఇచ్చారు.

మూడో అంతస్తులోని మా గదికి కిటికీ లేదు. మంటలొస్తే దిగాల్సిన వెనుక మెట్ల తలుపుకు తాళం వేసి, దానికి అడ్డంగా పాత పరుపులు పేర్చారు. అడగడానికి కిందికి బయలుదేరాను.

"మళ్లీ రోడ్డున పడదామా? రేపు పిల్లకు సీటొచ్చేదాకా ఊరుకోండి" అంది ఆమె.

ఊరుకున్నాను. ఎదురుగా ఉన్న నెట్ సెంటర్లో, లాడ్జి పేరు లేకుండా ఇది రాస్తున్నాను. పక్క గదులన్నిటిలో కుటుంబాలే ఉన్నాయి. మీరైతే ఈ రాత్రే అడిగేవారా, గది ఖాళీ చేశాక అడిగేవారా?