బియ్యం తప్పా, వంట తప్పా

ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివే ఆ రోజుల్లో లోకం మీద నాకున్నంత చులకన తర్వాత ఇంకెప్పుడూ లేదు. హాస్టల్లో తింటూ వండినవాళ్ళని తిట్టడం, సెలవుకి ఇంటికొచ్చి తింటూ అమ్మని వెక్కిరించడం, ఈ రెండూ నా చదువులో భాగమే అనుకునేదాన్ని. "నీళ్ళు, బియ్యం, వేడి. ఇందులో ఏటుందని పొద్దల్లా ఆ వంటింట్లో?" అని అడిగితే అమ్మ నావైపు చూసి, నా కంచంలో ఇంకో గరిటెడు వడ్డించేది. ఇంక మా ఇంటి మగాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. నరసన్నపేట బజార్లో మాది బియ్యం కొట్టు. నాన్న గుప్పెడు బియ్యం అరచేతిలో పోసుకుని, ఉఫ్‌మని ఊది, అవి ఏ మిల్లులో ఆడినవో చెప్పేసేవాడు. పెళ్ళికాని చిన్నాన్న అయితే గింజ కొరికి దాని జాతకమే చెప్పేవాడు. ఆ గింజ అన్నమై కంచంలోకి ఎలా వస్తుందో మాత్రం ఇద్దరికీ తెలీదు. (వస్తుంది, అంతే. సూర్యుడు రావట్లేదా?)

అలాంటి నాన్న దగ్గరికి, నేను సెలవులకి ఇంట్లో ఉండగా, ఒకరోజు వీధి చివర మాస్టారు బియ్యం మూట తిరిగి పట్టుకొచ్చాడు. పాత బియ్యమని చెప్పి అమ్మారు, ఎలా వండినా ముద్దయిపోతోంది అన్నాడు. కొట్టు నిండా జనం. "బియ్యం బంగారం మాస్టారూ. మీ ఇంట్లోనే వండడం రాదు," అన్నాడు నాన్న. అక్కడితో ఆగినా బావుండేది. పక్కనున్నవాళ్ళు నవ్వేసరికి ఊపొచ్చి, "నా సేతికిస్తే మల్లెపూల్లా వండి సూపిస్తాను," అన్నాడు. మాస్టారు నవ్వలేదు. "అయితే ఆదివారం నేనూ మా ఆవిడా మీ ఇంటికే భోజనానికొస్తాం. ఈ బియ్యమే, మీరే వండాల," అని మూట అక్కడే దించి వెళ్ళిపోయాడు.

సంగతి తెలిసి అమ్మ పెద్దగా అరవలేదు. "ఒక ఇల్లాలికి వంట రాదని బజార్లో పదిమందిలో అన్నారు కదా. వంట వచ్చినోరు మీరే వండండి," అని ఆదివారం తెల్లారగానే నెల్లిమర్లలో పిన్ని ఇంటికి బస్సెక్కేసింది. నాన్న గుమ్మంలో నిలబడి బస్సు వెళ్ళిన దిక్కే చూస్తూ ఉంటే చిన్నాన్న, "వదిన మజ్జానానికి వచ్చెస్తాది లే అన్నా," అన్నాడు. రాలేదు. కూరలూ పప్పూ కర్రీ పాయింట్ నుంచి వచ్చాయి. అన్నానికి నేనున్నాను కదా అని ముందుకొచ్చాను. (నన్నెవరూ పిలవలేదు. ఆ వయసులో పిలవాల్సిన పని కూడా లేదు.)

ఫోన్లో వీడియో పెట్టుకుని, నీళ్ళు అద్దంలా తేరేదాకా బియ్యం కడుగుతూ కూర్చున్నాను. "ఒసే, బలమంతా పోతాదే," అని నాన్న పక్కన గోల. కడిగాక గంటసేపు నానాలని చిన్నాన్న తీర్మానం. ఎందుకు అంటే, "నానితే మంచిది," అన్నాడు, అంతకంటే శాస్త్రం లేదు. ఎసరు దగ్గర యుద్ధమే అయింది. "పాత బియ్యం, గ్లాసుకి రెండున్నర పొయ్యాల," అన్నాడు నాన్న. రెండు చాలంది వీడియో. తన బియ్యం గురించి తనకి ఫోను చెప్పేదేటని నాన్న మూడు పోశాడు. పొయ్యి మీద పెట్టాక చిన్నాన్న ఊరుకోలేక మాటిమాటికీ మూత తీసి గరిటెతో కలిపాడు. అడుగంటకుండా అట. అడుగంటలేదు నిజమే. అసలు మెతుకు ఉంటే కదా అంటడానికి! గిన్నె వంచితే మొత్తం ఒకే ముద్దగా కదిలింది. "గంజి వార్చండ్రా!" అన్నాడు నాన్న. గంజీ అన్నమూ అప్పటికే ఒకటైపోయాయి.

సరిగ్గా అప్పుడే మాస్టారూ, ఆయన భార్యా వచ్చి కూర్చున్నారు. నాన్న వడ్డిస్తే గరిటె నుంచి ముద్ద ఊడిరాలేదు, విదిలించాల్సి వచ్చింది. మాస్టారు కంచం వైపు చూసి చాలా నెమ్మదిగా అడిగాడు. "సెప్పండి సావుకారుగారూ. తప్పు బియ్యానిదా, వంటదా?"

మా నాన్న మొహం అలా అవడం నేనెప్పుడూ చూడలేదు. బియ్యానిదంటే కొట్టు పరువు పోతుంది. వంటదంటే మల్లెపూల మాట పోతుంది. నావైపు చూశాడు. నేను మెల్లిగా గోడ వైపు తిరిగాను. చివరికి గొంతు సవరించుకుని, "గిన్నె పలచనండి," అన్నాడు.

మాస్టారి భార్య నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది. కళ్ళు తుడుచుకుని, "ఈయన మాత్రం తక్కువా? వారంరోజులు నాకే వంట రాదని సాధించి, నేను గరిటె విసిరేస్తే అప్పుడు మీ కొట్టుకొచ్చేరు. నాకొద్దు గాని, మీరిద్దరూ తినండి," అంది. మాస్టారి మొహమూ మసిగిన్నె రంగుకొచ్చింది. ఇద్దరు మగాళ్ళూ ఎదురెదురుగా కూర్చుని, ఒకరినొకరు చూసుకోకుండా, ఆ ముద్దంతా మింగారు. చిన్నాన్న అప్పటికే కొట్టు తాళాలు వెతుక్కుంటూ బయటికి జారుకున్నాడు. ఆవిడా నేనూ వరండాలో కూర్చుని అరటిపళ్ళు తిన్నాం.

దీపాలవేళకి అమ్మ వచ్చింది. మూటలోంచి గుప్పెడు తీసి చూసి, "నేనొండి సూస్తాను," అని వంటింట్లోకెళ్ళింది. కాసేపటికి బయటికొచ్చి నాన్నతో, "ముద్దే అయింది. మీ బియ్యానిదే తప్పు. రేపొద్దున్నే మాస్టారికి వేరే మూట పంపండి. ఈ పూటకి ఉప్మా చేశాను," అంది. నాన్న పీట లాక్కుని ఉప్మా ముందు కూర్చున్నాడు.

నన్ను మాత్రం వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. గిన్నె మూత తీసింది. అన్నం, మెతుక్కి మెతుకు అంటకుండా, పొగలు కక్కుతూ ఉంది. నేను నోరు తెరిచేలోగా, "అరవకు. కొత్త బియ్యమే ఇది. ఎసరు తగ్గిస్తే సరిపోద్ది. పాతవని సెప్పి అమ్మేరు, మార్చి తీరాల. ఇది గాని సూపించేనా, ఊర్లో ఆడోళ్ళందరికీ వంట నేర్పడానికి బయల్దేరతారు మీ నాన్న," అంటూ నెయ్యి వేసి, ఆవకాయ కలిపి కంచం నా చేతిలో పెట్టింది. తనూ పక్కనే కింద కూర్చుంది.

హాల్లోంచి, "ఉప్మా ఇంకా ఉందేటి?" అని నాన్న గొంతు. "అయిపోయింది!" అంది అమ్మ, నోటినిండా అన్నంతో. నాకు నవ్వుకి పొలమారింది. అమ్మ నా నెత్తిమీద చరుస్తూ తనూ నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. చదివిన కెమిస్ట్రీ అంతా ఎప్పుడో మరిచిపోయాను. అంత పొగరుబోతు పిల్ల మీద ఇప్పుడు నాకే జాలేస్తుంది. కానీ ఆ సాయంత్రం అమ్మ పక్కన గోడకి జేరబడి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ ఇంకొంచెం పెట్టమని కంచం చాపిన పిల్ల మీద మాత్రం, ఏం చెయ్యను, ముద్దే వస్తుంది.