హాసిని మత్తు దిగిన ముప్పై ఏడు నిమిషాలు

మా మనవరాలి ఎడమ కన్ను దారి తప్పుతోందని నాకు తెలిసింది ఒక జనవరి నెలాఖరు ఆదివారం పొద్దున. మాది నరసాపురం. వీధరుగు మీద కూర్చుని లేసు అల్లుకుంటున్నాను. దారం ఉండ దొర్లిపోతే, "తీసివ్వవే హాసినీ" అన్నాను. పిల్ల వంగి చెయ్యి చాపింది. చెయ్యి ఉండకి బెత్తెడు ఇవతల పడింది. మళ్లీ చాపింది, మళ్లీ తప్పింది. మూడోసారి ఎడమ కన్ను మూసుకుని, ఉండ పట్టుకుని, నవ్వుతూ నా చేతిలో పెట్టింది. నాలుగున్నరేళ్ల పిల్లకి ఒక కన్ను మూసుకోమని ఎవరు నేర్పారు? ఆ సంగతి ఆ రోజే నోటుబుక్కులో రాసుకున్నాను. నలభై ఏళ్లుగా లేసు ఎప్పుడు మొదలెట్టానో, రోజుకి ఎన్ని పువ్వులు అల్లానో రాసుకునే అలవాటు నాది.

రాజమండ్రిలో కంటి డాక్టరుగారు చూశారు. "స్క్వింట్ అండి, మెల్ల. వదిలేస్తే మెదడు ఆ కంటిని వాడడం మానేస్తుంది. లేజీ ఐ అంటాం. తర్వాత ఎన్ని అద్దాలు మార్చినా చూపు రాకపోవచ్చు" అన్నారు. కళ్లద్దాలు ఇచ్చారు. రోజూ కొన్ని గంటలు మంచి కన్ను మూసేలా ప్యాచ్ వేయమన్నారు. ఆరు నెలలు ఒక్క రోజు మానకుండా వేశాం. ఆ తర్వాత ఆపరేషన్ అన్నారు. "రెండోసారి కూడా చెయ్యాల్సి రావచ్చు, ముందే చెబుతున్నాను" అన్నారు.

పెనుగొండ నుంచి మా ఆడపడుచు సత్యవతి ఫోన్ చేసింది. "ఆడపిల్లకి కాస్త మెల్ల ఉంటే అదృష్టం వదినా! చేతులారా పోగొట్టుకుంటారా?"

"ఆ అదృష్టం వచ్చినప్పుడు చూసుకోడానికి కళ్లుండాలి కదా సత్యవతీ" అన్నాను.

ఆపరేషన్ శ్రావణంలో, ఒక బుధవారం. ఇక్కడ నా తప్పు రాయాలి. పిల్ల బెదురుతుందని, "కంటికి ఫొటో తీస్తారమ్మా, అంతే" అని చెప్పాను. మా ఇళ్లల్లో పిల్లల్ని ఆసుపత్రికి తీసుకెళ్లేది అలాగే. బొమ్మ కొంటామంటాం, పెళ్లికంటాం. దానికి తోడు తొమ్మిదిమందిమి వెళ్లాం. ఒక్కొక్కరూ పిల్ల తల నిమరడం, పక్కకి తిరిగి కళ్లు తుడుచుకోవడం. ఫొటో తీయించుకునే పిల్లని చూసి తొమ్మిదిమంది ఎందుకు ఏడుస్తారు? ఆ మాత్రం లెక్క పిల్లకీ వచ్చు. థియేటర్ తలుపు దగ్గర మా కోడలు సుధ కొంగు పట్టుకుని వదల్లేదు. నర్సు ఒక్కో వేలూ విడదీసి ఎత్తుకెళ్లింది. తలుపు మూసుకున్నాక కూడా "ఫొటో వద్దు! ఫొటో వద్దు!" అని వినబడుతూనే ఉంది.

పదకొండూ పదికి పిల్ల కళ్లు తెరిచిందని సుధని రికవరీ రూమ్‌లోకి పిలిచారు. వెనకాలే నేనూ దూరాను. కళ్లు తెరిచే ఉన్నాయిగానీ ఎవరినీ చూడట్లేదు. ఒళ్లంతా వెనక్కి విరుచుకుంటోంది, తన్నుతోంది. కంటి మీద ప్యాడ్ పీకబోయింది, చేతికున్న సెలైన్ సూది లాగబోయింది. సుధ ఎత్తుకోబోతే మొహం మీద గీరింది.

"నువ్వు కాదు! మా అమ్మ కావాలి! నువ్వు కాదు!"

"నేనేరా అమ్మని, నేనేరా" అంటూ సుధ మంచం పక్కన కూలబడిపోయింది. గోడ గడియారం కనబడింది. టైము రాసుకున్నాను. ఆ క్షణాన నాకు చేతనైంది అదొక్కటే.

మత్తు ఇచ్చిన డాక్టరమ్మగారు వచ్చి పిల్ల చేతులు మెల్లగా పట్టుకున్నారు. "నొప్పీ ఆక్సిజనూ అన్నీ చూశామండి, బాగానే ఉన్నాయి. దీన్ని ఎమర్జెన్స్ డెలీరియం అంటారు. ఒళ్లు లేచింది, తెలివి ఇంకా లేవలేదు. దెబ్బ తగలకుండా చూసుకుందాం, అదే తగ్గుతుంది. రేపు పిల్లకి ఇది గుర్తుండదు. మీకే గుర్తుంటుంది" అన్నారు.

పదకొండూ నలభై ఏడుకి అరుపు ఆగింది. నిద్రపోయింది. పన్నెండూ నలభైకి లేచి, "అమ్మా, ఇడ్లీ" అంది. అన్నీ రాసుకున్నాను.

అప్పటికే బయట కూర్చున్న మావాళ్లు తీర్పు చెప్పేశారు. మత్తుమందుతో పిల్లకి మతి చెడిందట. తల్లి ఏడ్చి ఏడ్చి పిల్లని అలా చేసిందట. ఇంటికొచ్చాక పదహారు రోజులు హాసిని పక్క తడిపింది, ఎవరైనా ఆ థియేటర్ వాళ్లలా ఆకుపచ్చ బట్టలు కడితే దగ్గరికి రాలేదు. పదిహేడో రోజు నుంచి మామూలే. ఆ పదిహేడో రోజు ఎవరికీ గుర్తులేదు.

మాఘంలో చూపించినప్పుడు, "కొంత సరిపడింది, కొంత మిగిలింది. రెండోసారి చేద్దాం, ఆలస్యం చెయ్యొద్దు" అన్నారు. మా అబ్బాయి సరేనన్నాడు. సుధ మాత్రం ఒప్పుకోలేదు. "నన్ను అమ్మవి కాదంది అత్తయ్యగారూ. ఇంకోసారి ఆ మాట వినలేను" అంది. ఆ కన్ను నిలవడం, పోవడం ఇప్పుడు తల్లి భయం మీద ఆధారపడింది.

అదే వారం సత్యవతి మా ఇంటికొచ్చింది. "ఆ వేళ రోజంతా పిచ్చిదానిలా కేకలు పెట్టింది, నా చెవులారా విన్నాను. మళ్లీ చేయిస్తారా?" అంది. సుధ తలూపింది. "అవును, సాయంత్రం దాకా అరిచింది" అంది.

నేను లోపలికెళ్లి నోటుబుక్కు తెచ్చి చదివాను. "పదకొండూ పది, కళ్లు తెరిచింది. పదకొండూ నలభై ఏడు, ఆగింది. ముప్పై ఏడు నిమిషాలు."

"నీ గడియారం తప్పయ్యుంటుంది వదినా."

"నాది కాదు, ఆసుపత్రి గోడది. వెళ్లి దాంతో పోట్లాడు. ఇంకో మాట. తల్లి వల్ల వచ్చిందని ఊరంతా చెబుతున్నావట. పిల్లకి ఫొటో అని అబద్ధం చెప్పింది నేను. తప్పు వెయ్యాలంటే నా మీద వెయ్యి."

సత్యవతి కాఫీ గ్లాసు కిందపెట్టేసింది. సుధ పుస్తకం తీసుకుని ఆ రెండు వరసలూ వేలు పెట్టి చదివింది. "ముప్పై ఏడేనా అత్తయ్యగారూ? నాకు ఒక రోజులా ఉంది" అంది. మర్నాడు తనే ఆసుపత్రికి ఫోన్ చేసింది.

డాక్టరమ్మగారిని సుధ ఒక్కటే అడిగింది. "నా భయం వల్లే అలా అయిందాండీ?"

"తల్లి భయం పిల్లకి అంటుతుందమ్మా, అది నిజమే. భయంతో మత్తులోకి వెళ్లిన పిల్లలు అలా లేవడం ఎక్కువ. కానీ నవ్వుతూ వెళ్లినవాళ్లూ అలా లేస్తారు. నీ వల్లేనని ఎవరైనా అంటే నా దగ్గరికి పంపు" అన్నారు. ఈసారి ముందే భయం తగ్గే సిరప్ ఇస్తామనీ, మత్తులో మార్పు చేస్తామనీ, మాస్క్ పెట్టేదాకా తల్లి పక్కనే ఉండొచ్చనీ చెప్పారు. "మళ్లీ రాదని మాత్రం మాటివ్వలేను" అన్నారు. ఆ ఆఖరి మాట వల్లే ఆవిడ మీద నాకు గురి కుదిరింది.

ఈసారి ఫొటో అనలేదు. "కన్ను సరిచేస్తారు, నిద్రపుచ్చి చేస్తారు, లేచాక కాస్త నొప్పి, కాస్త మసక" అని ఉన్నదున్నట్టు చెప్పాం. వంటింట్లో నూనె గరాటు కడిగి, అదే మాస్క్ అని ఆట పెట్టాం. ముందు బొమ్మకి, తర్వాత నాకు, తర్వాత తనకి. పన్నెండు రోజులు ఆడాం. ఆ గరాటు పెట్టి నన్ను ఎన్నిసార్లు నిద్రపుచ్చిందో, ఆ ఒక్క లెక్క మాత్రం రాయలేదు.

సత్యవతి మళ్లీ బయల్దేరబోయింది. "ఏడవనని మాటిస్తే రా" అన్నాను. ఇవ్వలేదు, రాలేదు. మా అబ్బాయి, సుధ, నేను, ముగ్గురమే వెళ్లాం, పిల్లతో నలుగురం.

మాస్క్ దగ్గర హాసిని ఏడవలేదు. "గరాటు కంటే మెత్తగా ఉంది" అందట. పదీ ఇరవై ఐదుకి మత్తు దిగింది. దిగీ దిగగానే తన్నడం, అరుపు, "నువ్వు కాదు!" అన్నీ మళ్లీ వచ్చాయి. ఈసారి ఒక్కరినే లోపలికి రానిచ్చారు. సుధ పిల్ల పక్కన ఉంది. సగం తెరిచిన తలుపు దగ్గర నేను గడియారం చూస్తూ నిలబడ్డాను.

"సుధా, మూడు నిమిషాలు!"

"వింటున్నానండీ!"

"సుధా, ఏడు!"

నర్సమ్మ విసుక్కుంది. "మామ్మగారూ, ఇదేమైనా పరుగు పందెమాండీ?"

"అవునమ్మా. ముప్పై ఏడుని దాటకూడదు."

సుధ కూలబడలేదు. పిల్ల చెయ్యి సూది మీదకి పోకుండా పట్టుకుని, అదే గొంతుతో "ఇక్కడే ఉన్నాను" అంటూనే ఉంది. గీరించుకుంది, తన్నించుకుంది. నేను "పద్నాలుగు!" అని అరిచాను. లోపల అరుపు ఆగింది. సన్నటి గొంతొకటి వినబడింది.

"అమ్మా, మామ్మ ఎందుకు అరుస్తోంది?"

సుధ ఏడ్చింది. ఈసారి నేనూ ఏడ్చాను, అదీ తలుపుకి ఇవతలే. ఆ సంఖ్య కింద రెండు గీతలు గీసుకున్నాను.

ఇప్పుడు హాసిని కళ్లద్దాలతో ఒకటో తరగతికి వెళ్తోంది. ఎడమ కన్ను చార్టులో కింది నుంచి రెండో వరస చదువుతోంది. నా సూదికి దారం ఎక్కించేది తనే, రెండు కళ్లూ తెరిచి. మతి చెడిందన్నవాళ్లు వచ్చి దాంతో ఎక్కాలు చెప్పించుకోవచ్చు.

మొన్న సత్యవతి ఫోన్ చేసింది. వాళ్ల మనవడికి టాన్సిల్స్ ఆపరేషన్ అట. గొంతు తగ్గించి, "వదినా, ఏం చెయ్యమంటావు?" అంది. తనకి చెప్పిందే మీకూ చెబుతున్నాను. పిల్లలు మత్తులోంచి లేచి మిమ్మల్ని కాదన్నప్పుడు, పట్టుకోవలసినవాళ్లు పట్టుకోండి. మరొకరు గడియారం చూసి టైము రాయండి. భయం రోజంతా అరిచారంటుంది. కాగితం ఎన్ని నిమిషాలో చెబుతుంది. తర్వాత ఎవరు ఏమన్నా, ఆ కాగితం చూపించండి.